గోడ అవతల అందుకునే పాట

ఇలా రండి, ఆ కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చోండి. కాళ్లు చల్లబడితే ఆ దుప్పటి కప్పుకోండి. నాది బైబిలు కూడబలుక్కుని చదివేంత చదువు. రాత కూడా అంతే, నిదానంగా పడుతుంది. కానీ విన్నది మరచిపోను. పాటైతే అసలే మరచిపోను. అందుకని ఈ సంగతి పాటతోనే మొదలుపెడతాను.

మేముండేది కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో. కొడుకు కారు భాగాలు చేసే ఫ్యాక్టరీకి, కోడలు పెద్దవాళ్లని చూసుకునే హోమ్‌కి నర్సు డ్యూటీకి పొద్దున్నే వెళ్లిపోతారు. ఇల్లేమో టౌన్‌హౌస్, పక్కింటికీ మాకూ మధ్య ఒకటే గోడ. నేను వచ్చిన కొత్తలో మా కోడలు ఒక చిన్న రేడియో తెచ్చి వంటింట్లో పెట్టింది.

"అత్తయ్యా, ఇది ఇక్కడి క్రిస్టియన్ రేడియో. ఇంగ్లీషే అనుకోండి, కానీ రోజంతా పాటలే. ఒక్కరే ఉంటారు కదా, తోడుంటుంది" అంది.

మర్నాడు దాన్ని పెట్టగానే మా అమ్మ పాడే పాట వచ్చింది. మాటలు వేరు, రాగం మాత్రం అచ్చంగా అదే. నా చేతిలో గరిటె ఆగిపోయింది. సాయంత్రం కొడుకు రాగానే చెప్పాను.

"ఒరేయ్, మన పాటలు తెల్లవాళ్లు పాడుతున్నార్రా! మన రాగాలు వీళ్లకెవరు నేర్పారు?"

వాడు షూస్ విప్పుతూ పగలబడి నవ్వాడు. "అమ్మా, అవి వాళ్లవే. మిషనరీలు మనకి తెచ్చిచ్చారు."

"తెస్తే తెచ్చార్లే. వీళ్లు ఈడుస్తున్నారు. మనమే బాగా పాడతాం."

అప్పటినుంచి నా వంటకి ఆ రేడియోనే గడియారం. పొద్దున పాత కీర్తనలు వచ్చేవేళ బియ్యం ఎసట్లో పోస్తే, ఇంకో పాటకి ఉడుకు పట్టేది, ఆ తర్వాతి పాట ఆమేన్ దగ్గర గంజి వార్చేదాన్ని. వాళ్లు ఇంగ్లీషులో పాడుతుంటే నేను తెలుగులో పాడేదాన్ని. ఒకరోజు రేడియోవాళ్లు పాట ఆపినా ఇంకో గొంతు ఆగలేదు. గోడ అవతలినుంచి వస్తోంది. ముసలి గొంతు, కాస్త వణుకుతూ. నేను ఆగితే అదీ ఆగింది. మొదలుపెడితే మళ్లీ మొదలైంది.

రెండు రోజుల తర్వాత తలుపు కొట్టారు. బయట మంచు పడుతోంది. చేతికర్రతో పొడుగాటి తెల్లావిడ, ఇంకో చేతిలో దాల్చినచెక్క వాసన వేసే బిస్కట్ల ప్లేటు. ఆవిడ ఏదో అంది, నాకు అర్థం కాలేదు. గోడ చూపించింది. తన గొంతు చూపించింది. నా గొంతు చూపించింది. అది అర్థమైంది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేశాను.

ఆవిడకి చూపు బాగా తగ్గింది. మెట్లు దిగి చర్చికి వెళ్లడం మానేసి చాలాకాలమైందట, రేడియోనే ఆవిడ మందిరం. పెద్దలు హాలండ్ నుంచి వచ్చి ఇక్కడ పశువుల్ని పెంచారట. ఇవన్నీ తర్వాత మా కోడలు అడిగి చెప్పింది. మా ఇద్దరి మధ్యా ఉన్న మాటలు నాలుగే: కాఫీ, కోల్డ్, గుడ్, ఓకే. నాలుగు మాటలతో ఎంతసేపు కూర్చుంటారు ఎవరైనా? మేం మాత్రం రోజూ కూర్చునేవాళ్లం. గంజి వార్చేసి, ఇంకా కీర్తనలు వస్తుండగానే ఇంత కారప్పూస డబ్బాలో వేసుకుని నేను వాళ్లింటికి వెళ్లేదాన్ని. ఆవిడ కాఫీ పోసేది. రేడియో పాడేది, మేమిద్దరం చెరో భాషలో అందుకునేవాళ్లం. మోకాలు నొప్పిగా ఉన్నరోజు ఆవిడ గొంతు కిందనే ఉండేది. కాల్గరీలో ఉండే కూతురు ఫోన్ చేసినరోజు ఇంటి కప్పు లేచిపోయేది. నేనేం అడగక్కర్లేదు.

ఒకసారి మా వైపు పెళ్లికూతుర్ని మందిరంలోకి తీసుకొచ్చేటప్పుడు పాడే పాట వచ్చింది. నేను హుషారుగా చప్పట్లు కొడుతూ ఎత్తుకున్నాను. చూస్తే ఆవిడ కళ్లనిండా నీళ్లు. లేచి గోడమీది ఫోటో తడిమి నా చేతిలో పెట్టింది. ఆవిడ పెనిమిటి. ఆ రాగం వాళ్లకి సమాధి దగ్గర పాడేదన్నమాట. చప్పట్లు ఆపేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని, అదే పాట మెల్లగా చివరిదాకా పాడాను. ఆవిడకి ఆయనంటే ఎంత ప్రాణమో ఆ పూట నాకు తెలిసింది. మాటల్లో చెప్పి ఉంటే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

ఇలా సాగుతుండగా ఒక సోమవారం పొద్దున రేడియోలో డ్రమ్ములు మోగాయి. గిటార్లు, కుర్రాళ్ల కేకలు. ముల్లు పక్కకి జరిగిందేమో అనుకుని తిప్పాను. జరగలేదు. పాట వస్తుంది, అన్నం వార్చుదామని చూస్తూ నిలబడ్డాను. అన్నం కాస్తా సంకటి అయింది.

పక్కింటికి వెళ్తే ఆవిడ కూడా రేడియో మీద చెయ్యి పెట్టి తిప్పుతూనే ఉంది. నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. కాఫీ పోసింది. కాఫీ గుడ్ అన్నాను. కోల్డ్ అంది కిటికీ వైపు తిరిగి. ఓకే అన్నాను. ఇక మాటలు అయిపోయాయి. గోడ గడియారం చప్పుడు వింటూ కూర్చుని, కాసేపటికి వచ్చేశాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడు నేను వెళ్లలేదు. కారప్పూస డబ్బా చేతిలో పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. వెళ్లి ఏం చెయ్యను? పాట పోతే మా ఇద్దరికీ మాట లేదు. మాట లేని చోటికి ఎన్నాళ్లు వెళ్తాను, ఆవిడైనా ఎన్నాళ్లు రానిస్తుంది? అదొక్కటే గుండెలో రాయిలా కూర్చుంది.

సాయంత్రం కోడలు కనిపెట్టింది. "ఏంటత్తయ్యా, అలా ఉన్నారు?"

చెప్పాను. అది కాసేపు నసిగింది. "మీరేమీ అనుకోవద్దు గానీ, నాకా కొత్త పాటలే ఇష్టం. పొద్దున్నే హైవే మీద వెళ్తుంటే, రాత్రి హోమ్‌లో ఏ పెద్దాయన పోయాడో అని భయమేస్తుంటుంది. ఆ పాట వస్తే కాస్త ధైర్యంగా ఉంటది."

"అన్న మాటే తిప్పి తిప్పి అంటారేమే వాళ్లు?"

"మీరు ప్రార్థనలో స్తోత్రం స్తోత్రం అని ఎన్నిసార్లంటారు?"

అది నవ్వుతూ నా పళ్లెంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

ఆదివారం మధ్యాహ్నం మా తెలుగువాళ్ల ఆరాధన ఒక ఇంగ్లీషు చర్చి హాల్లో జరుగుతుంది. ఆరాధన తర్వాత భోజనాల దగ్గర ఇదే గొడవ. రైల్వేలో చేసి రిటైరైన గుంటూరు అంకుల్ పులిహోర పక్కన పెట్టి మరీ కోప్పడ్డారు.

"దేవుడి పాటా అది? మిక్సీలో గులకరాళ్లు వేసినట్టుంది!"

సాఫ్ట్‌వేర్‌లో చేసే హైదరాబాదు అబ్బాయి ఊరుకోలేదు. "సూపర్ ఉన్నయ్ అంకుల్. దావీదు డాన్స్ చెయ్యలేదా దేవుని ముంగట?"

"చేశాడయ్యా. పొద్దున్నే జనం కాఫీ తాగే టైముకి చెయ్యలేదు!"

అందరూ నవ్వారు గానీ పెద్దవాళ్లకి మంట తగ్గలేదు. అందరం రేడియోకి ఫోన్లు చేసి గట్టిగా చెప్పాలని అంకుల్ తీర్మానం చేశారు. మా కోడలికి కొత్త పాటలు ఇష్టమైనా, నాకు మాటలు నేర్పింది తనే: ఓల్డ్ సాంగ్ గుడ్, న్యూ సాంగ్ నో గుడ్. అన్నం తింటూ, గిన్నెలు కడుగుతూ వల్లించుకున్నాను.

మరుసటి ఆదివారం అంకుల్ చుట్టూ చేరాం.

"ఏమన్నారు అంకుల్? గట్టిగా చెప్పారా?"

ఆయన మెడ రుద్దుకున్నారు. "ఫోన్ ఎత్తింది ఒక అమ్మాయమ్మా. ఎంత మర్యాద! నేను హలో అనగానే, మీకోసం ఏం ప్రార్థన చెయ్యమంటారు అంది. దేవుడి పనివాళ్లు నోరు తెరిచి అడిగితే ఏమీ లేదంటామా? మా అమ్మాయికి ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ రావాలని చెప్పాను. అక్కడికక్కడే ప్రార్థన చేసింది. ఆమేన్ అన్నాను. ఆమేన్ అన్నాక ఇక పోట్లాట ఎక్కడ పెట్టుకుంటాం?"

పక్కనున్న ఆంటీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తను షుగర్ గురించి చెప్పిందట. ఇంకొకాయన మనవడి పరీక్షలు. ఇంకొకావిడ మోకాళ్లు. మనలో అంతే కదా, ప్రార్థన అంశం అడిగితే లేదనడం పొగరు. నేనూ అంతే. వల్లించిన మాటలు ఎక్కడికో పోయాయి. ఫ్రెండ్, ఐస్, ప్రే అన్నాను పక్కింటావిడ కళ్లు తలుచుకుని. ఫిర్యాదు చేసినవాళ్లు మాలో ఒక్కరంటే ఒక్కరు లేరు.

తర్వాత రేడియోవాళ్లే ఒక శనివారం మధ్యాహ్నం వినేవాళ్లందరినీ ఒక చర్చి కింది హాల్లోకి పిలిచారు, కాఫీ, డోనట్లు పెట్టి. పక్కింటావిడ తనూ వస్తానంది. కొడుకు మంచు మీద జారకుండా ఇంటిముందు ఉప్పు చల్లి, చెయ్యి పట్టుకుని కారెక్కించాడు. హాలంతా తల నెరిసినవాళ్లే, మధ్యమధ్య పిల్లల తల్లులు. రేడియో నడిపే అతను గడ్డం పెంచుకున్న కుర్రవాడు. అతనేమంటున్నాడో కోడలు నా చెవిలో చెబుతోంది.

"మా నిర్ణయం కొందరికి బాధగా ఉందని తెలుసు. కానీ మన భారతీయ సోదర సోదరీలకి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. అంతమంది ఫోన్ చేశారు, ఒక్కరూ కోప్పడలేదు. ఎంతో ప్రేమగా మాట్లాడారు."

గుంటూరు అంకుల్‌కి కాఫీ పొలమారింది. ఇక ఆగలేక లేచి నిలబడ్డారు. "సర్, యాక్చువల్లీ..."

ఈయనెవరో పక్కవాళ్లు చెప్పగానే ఆ కుర్రవాడి ముఖం వెలిగింది. "మీ అమ్మాయి పీఆర్ కోసం మేమందరం రోజూ ప్రార్థిస్తున్నాం. వచ్చిందా?"

పీఆర్ అంతకుముందు వారమే వచ్చింది. అంకుల్ అటూ ఇటూ చూసి, "యెస్ సర్. కేమ్. థాంక్యూ సర్" అన్నారు. హాలంతా చప్పట్లు. ఆయన కూర్చుండిపోయారు.

"ఏవండీ, లేచిందెందుకు, కూర్చుందెందుకు?" అని వాళ్లావిడ గుసగుస.

"ఊరుకోవే. నా బిడ్డ కోసం ప్రార్థన చేసినవాణ్ణి ఇప్పుడు తిట్టమంటావా?"

మాకు నవ్వాగలేదు. ఇంతలో పక్కింటావిడ కర్ర ఊతంగా లేచింది. ఆవిడ మెల్లగా మాట్లాడింది. కోడలు నా చెవిలో చెప్పింది.

"పాటలు పోయాయని కాదు నా బాధ. అవి నాకు కంఠతా వచ్చు. ఈవిడతో మాట్లాడే దారి పోయింది అంటోంది అత్తయ్యా. మిమ్మల్నే చూపిస్తోంది."

ఆ కుర్రవాడు ఆదివారం పొద్దున గంటసేపు పాత కీర్తనలు వేస్తామన్నాడు. మిగతా రోజులు కుదరదు, కొత్తగా వినేవాళ్లు చాలామంది వస్తున్నారు, వాళ్లని పోగొట్టుకోలేం అన్నాడు. తియ్యటి అబద్ధం చెప్పి పంపకుండా ముఖం మీదే చెప్పాడు, అది నాకు నచ్చింది. ఒక పిల్లల తల్లి లేచి, మా పెద్దవాడు ఇంట్లో దేవుడి పాట వింటున్నది ఇప్పుడే అంది. ఆవిణ్ణి చూస్తే మా కోడలన్న ధైర్యం మాటే గుర్తొచ్చింది. ఇంకేం కోప్పడతాం?

కారులో వస్తుంటే ఆవిడన్న మాటే నా చెవుల్లో తిరిగింది. అవి నాకు కంఠతా వచ్చు. మరి నాకూ వచ్చు కదా! మా స్త్రీల కూడికల్లో హార్మోనియం ఎప్పుడుంది గనక? ఒకామె పాట ఎత్తుతుంది, మిగతావాళ్లు అందుకుంటారు. ఎన్ని ఇళ్లలో, ఎన్ని అరుగుల మీద ఎత్తాను నేను! ఈ దేశం వచ్చి ఆ పని పెట్టెకి అప్పగించి కూర్చున్నాను.

సోమవారం పొద్దున కారప్పూస డబ్బాతో వాళ్ల తలుపు కొట్టాను. ఆవిడ కాఫీ పోసింది. రేడియో కట్టేసి ఉంది. నేను తొడ మీద తాళం వేసుకుంటూ మా అమ్మ పాట ఎత్తాను. ఆవిడ కదల్లేదు. పెదవి విప్పలేదు. తల ఒకవైపు వంచి వింటూ ఉంది, అంతే. మొదటి పాదం అయిపోయింది. నచ్చలేదు కాబోలు, నా గొంతేం గొంతు అనుకున్నాను. ఆపేద్దామనుకునేంతలో ఆవిడ ఊపిరి పీల్చుకుని నిటారుగా కూర్చుని, మళ్లీ మొదటినుంచి అందుకుంది. ఇద్దరం చివరి చరణం దాకా పాడాం. ఆమేన్ అన్నాక నా భుజం తట్టి నవ్వింది. "ఆర్గన్" అంది నావైపు వేలు చూపిస్తూ.

అదేమిటో సాయంత్రం కోడలు చెబితే తెలిసింది. వాళ్ల చర్చిలో ఆర్గన్ వాయించేవాడు రాగం ఒకసారి వినిపించేదాకా ఎవరూ నోరు తెరవరట. ఆవిడ నన్ను వాద్యం కింద లెక్కవేసి, నా పాదం అయ్యేదాకా ఓపిగ్గా కాచుకుంది. మాలో అయితే పాట ఎత్తగానే అందుకోనివాళ్లని మొండివాళ్లంటాం! ఇప్పుడు మొదటి పాదం నాది, ఆ తర్వాత ఇద్దరిదీ. మా మధ్య ఐదో మాట పుట్టింది. పొద్దున నేను కాస్త ఆలస్యం చేస్తే గోడ మీద కర్రతో తట్టి "ఆర్గన్!" అని కేకేస్తుంది.

కోడలికి సెలవైన రోజు మా వంటింట్లో ఆ కొత్త పాటలే మోగుతాయి. వంకాయలు కోస్తూ కోస్తూ అందులో ఒకటి నాకూ నోటికి వచ్చేసింది. మొన్న పరాకున పక్కింట్లో అదే కూనిరాగం తీశాను. ఆవిడ కప్పు కిందపెట్టి కనుబొమలు ఎగరేసింది. "నో, ఆర్గన్, నో" అంది. కానీ బల్ల కింద ఆవిడ కర్ర నేల మీద తాళం వేస్తూనే ఉంది. నేను విన్నానని ఆవిడకి తెలుసు.

సరే, మీ టీ చల్లారిపోతోంది, తాగండి. మీ ఇంట ఎత్తిన పాటని గోడ అవతలినుంచి అందుకునే గొంతొకటి ఎప్పుడూ ఉండాలి. మీ పొయ్యి మీద అన్నం అదును తప్పకూడదు. మీ పెద్దవాళ్ల కళ్లకి వెలుగు, మీ పిల్లల దారులకి ధైర్యం దేవుడు దయచేయాలి. మీ గుమ్మం తట్టి వచ్చినవాళ్లు ఏ భాషవాళ్లైనా కడుపునిండి, మనసు నిండి వెళ్లుదురు గాక. ఆమేన్.