ఫ్రెంచి పంతులుగారు రాయమన్న ఉత్తరం

మా ఫ్రెంచి పంతులుగారు పోయిన మంగళవారం పొద్దున సూర్యాపేటలో కాలం చేశారు. ఆ కబురు మిర్యాలగూడకు తెచ్చింది బస్సు కండక్టరు. నేను గుమాస్తాగా పనిచేసే బియ్యం మిల్లు ముందు బస్సు నెమ్మదించగానే తల బయటపెట్టి, "గుమాస్తా సాబ్, మీ ఫ్రెంచి సారు పోయిండట. ఆయనున్న ఇంటి అవ్వ చెప్పుమన్నది" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. నా బల్ల మీద నలభై మూడు ఫ్రెంచి క్రియల పట్టిక ఉంది. దాని పక్కన తొమ్మిది రోజుల కిందట పంతులుగారు పంపిన కార్డు ఉంది. "చెయ్యి వణుకుతోంది. యానాంలో మా అన్నయ్యకు ఫ్రెంచిలో ఒక ఉత్తరం రాయాలి. వచ్చి పొండి." అంతే రాశారు.

నేను వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో చెబుతాను. ముందు ఆయన ఎవరో చెప్పాలి.

ఆయన యానాంలో పుట్టి, ఫ్రెంచి బడిలో చదువుకున్నారు. పద్దెనిమిదేళ్ళ కిందట పెరట్లో గోడ ఎక్కడ లేవాలన్న మాట మీద అన్నగారితో తగాదాపడి, కట్టుబట్టలతో బయలుదేరి కోదాడలో తేలారు. అక్కడ ఒక ధాన్యం వర్తకుడి కొట్లో ఆరేళ్ళు ఇంగ్లీషు ఉత్తరాలు రాశారు. వర్తకుడి కొడుక్కి నాలుగు ఇంగ్లీషు ముక్కలు రాగానే ఆయనతో పని లేకపోయింది. ఆపైన సూర్యాపేటలో గొర్రెలు పెంచే ఒక అవ్వ ఇంట్లో ముందుగది కిరాయికి తీసుకుని, పిల్లలకు ఇంగ్లీషు ప్రైవేటు చెప్పుకుని బతికారు. మూడు ఊళ్ళలోనూ ఆయన దగ్గర ఫ్రెంచి నేర్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఉర్దూ ఉద్యోగం కోసం నేర్చుకున్నాను, ఇంగ్లీషు పరువు కోసం నేర్చుకున్నాను. దేనికీ పనికిరానిది ఒకటి నేర్చుకుందామని నలభై ఒకటో ఏట ఆయన గడప తొక్కాను. ఆ కారణం చెబితే ఆయన నన్ను తేరిపార చూసి, "పనికిరాదని ముందే తెలుసుకుని వచ్చారు. సగం చదువు అయినట్టేనండి" అన్నారు.

కిందటి నెల ఆయనకు దగ్గు ముదిరేదాకా ఆదివారం ఆదివారం పాఠం. గది వెనకే గొర్రెల దొడ్డి. ముక్కుతో పలకవలసిన ఫ్రెంచి అక్షరాలు నాకు ఎంతకీ పట్టుబడేవి కావు. ఆయన పలక పక్కన పెట్టి దొడ్డివైపు చెయ్యి చూపేవారు.

"ఆ పొట్టేలును వినండి గుమాస్తాగారూ. పుస్తకం లేకుండా మీకంటే నయంగా పలుకుతోంది."

దొడ్డిలోంచి అవ్వ అందుకునేది. "జీవాలకు వచ్చిన సదువు నీకు రాకపాయెనా అయ్యా? గింత దూరం బస్సుల వస్తివి, జర దాని పక్కన కూసో, నేర్పుతది."

ఆయనకు మనుషుల మీద పెద్దగా గౌరవం లేదు. నాకూ లేదు. మా స్నేహానికి పునాది అదేనని ఇప్పుడనిపిస్తోంది. కానీ ఆయన చిన్నచూపు చురుకైనది, పనికొచ్చేది. అది నాకు బాగా తెలిసింది, ఆయన "జరగని పనుల కాలం" అని పేరుపెట్టిన క్రియారూపం నేర్పిన నెలల్లో.

దాని నిర్మాణం నా నోటుపుస్తకంలో ఇలా ఉంది. ఒకటి, సహాయక క్రియను "అయ్యేది" అనే అర్థంలో నిలపాలి. రెండు, దాని వెనక అసలు క్రియకు భూతరూపం చేర్చాలి. "జోరె పర్లే" అంటే మాట్లాడి ఉండేవాణ్ణి. "జ సెరె వన్యు" అంటే వచ్చి ఉండేవాణ్ణి. చాలా క్రియలకు "కలిగి ఉండు" అనేది సహాయకం. కొన్నిటికి మాత్రం "ఉండు". రావడం, పోవడం, ఎక్కడం, దిగడం, పడడం, పుట్టడం, చావడం ఈ రెండో గుంపులోవి. ఈ గుంపుతో చిక్కేమిటంటే, కర్త స్త్రీ అయితే చివర ఒక అక్షరం, అనేకులైతే ఇంకొకటి చేరతాయి. నోట పలకవు, కాగితం మీద లేకపోతే తప్పు. మూడు, "అయితే" అని షరతు చెప్పే భాగంలో ఈ రూపం రానే రాకూడదు. అక్కడ అంతకంటే వెనకటి భూతకాలం రావాలి. "సి జావె స్యు, జ సెరె వన్యు." తెలిసి ఉంటే వచ్చి ఉండేవాణ్ణి.

ఈ వాక్యాన్ని నా చేత ఇరవైసార్లు రాయించి, పలక తుడిచేసి, ఆయన అన్నమాట ఇది: "వచ్చి ఉండేవాణ్ణి అంటే రాలేదని అర్థమండి. ఆ వాక్యంలో అంతకుమించి సమాచారం లేదు. మిగతాదంతా సెంటు."

ఒక ఆదివారం ఆ కోదాడ వర్తకుడే ఏదో పెళ్ళికి సూర్యాపేట వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు, చెప్పులు విడవాలి కాబట్టి.

"ఏం పంతులూ, ఇక్కడ తేలావా. అప్పట్లో అడిగి ఉంటే ఏదో ఒక పని చూపించేవాణ్ణి కదయ్యా."

పంతులుగారు నావైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "గుమాస్తాగారూ, ఇప్పుడు శెట్టిగారు సెలవిచ్చినదాన్ని ఫ్రెంచిలోకి మార్చండి" అన్నారు. మార్చాను. "సహాయక క్రియ ఏది?" "కలిగి ఉండుటండి." "కలిగి ఉన్నవారు కదా, సరిపోయింది" అన్నారు. శెట్టిగారికి అందులో తనను పొగిడినట్టు తోచి, నవ్వి వెళ్ళిపోయాడు.

కండక్టరు కబురు చెప్పిన రోజు తర్వాతి బస్సుకు నేను సూర్యాపేట చేరేసరికి అంతా అయిపోయింది. పాడె మోసింది అవ్వ కొడుకులు. మూడోనాడు బడి వరండాలో సంతాపసభ జరిగింది. మూడు నెలలు ఆయన దగ్గు వీధి చివరిదాకా వినిపించింది. ఆ వీధిలోనే రోజూ నడిచినవాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అలవాటు కొద్దీ కాగితం తీసి గుర్తులు పెట్టుకున్నాను. మాట్లాడినవారు తొమ్మండుగురు. అందులో ఏడుగురు జరగని పనులే చెప్పారు. హెడ్మాస్టరు, తెలిసి ఉంటే బెజవాడ నుంచి డాక్టరును పిలిపించేవాణ్ణన్నాడు. బెజవాడ దాకా ఎందుకు, సర్కారు దవాఖాన ఆ బడి వెనకే ఉంది. కోదాడ వర్తకుడు ఈసారి చెప్పులు విడిచి మరీ లేచి, "ఒక్క కబురు పంపి ఉంటే బండి కట్టించుకుని వచ్చేవాణ్ణి. అంతటి విద్వాంసుడు మా కొట్లో పనిచేశాడంటే మా అదృష్టం" అని కండువాతో కళ్ళు అద్దుకున్నాడు. మిగిలిన ఇద్దరిలో ఒకడు తన సొంత పద్యాలు చదివాడు. ఇంకొకడు టీ వచ్చిందని చెప్పాడు. నిజం పలికింది అతనొక్కడే.

నన్నూ మాట్లాడమన్నారు. లేచి, నమస్కారం పెట్టి, కూర్చున్నాను. వారిని ఎంత తక్కువగా చూశానో నాకు తెలుసు. ఆ చూపుకు నాకు అర్హత లేదనీ తెలుసు.

కార్డు అందిన రోజు సంగతి ఇది. చదవగానే నాకు తోచిన మొదటి ఆలోచన పంతులుగారి చెయ్యి గురించి కాదు, నా రాత గురించి. పద్దెనిమిదేళ్ళ పంతం తర్వాత తమ్ముడు అన్నకు ఏం రాస్తాడు? నువ్వు పిలిచి ఉంటే వచ్చి ఉండేవాణ్ణి, ఆ గోడ లేకపోయి ఉంటే వెళ్ళి ఉండేవాణ్ణి కాదు, వదిన నా మీద కోప్పడి ఉండేది కాదు... ఉత్తరం నిండా జరగని పనుల కాలమే ఉంటుందని లెక్క వేసుకున్నాను. పైగా చదివేవారు ఫ్రెంచి కోర్టులో జీవితమంతా రాతపని చేసిన మనిషి. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. తెలుగులో వచ్చిన ఉత్తరం ఇంటిల్లిపాదీ చదువుతారు. ఫ్రెంచిలో వచ్చింది అన్న ఒక్కరే చదువుతారు. ఆ ఒక్కరి ముందు తప్పు పోకూడదు. అందుకని "ఉండు" సహాయకంగా వచ్చే క్రియలన్నిటినీ ఏరి, పుంలింగం, స్త్రీలింగం, ఏకవచనం, బహువచనం అని నాలుగు గళ్ళు గీసి, పూర్తిగా సాపు రాసుకుని వెళదామనుకున్నాను. మధ్యలో ఆదివారం వచ్చింది. పట్టికలో ముప్పై ఒక్క క్రియలే అయ్యాయి, ఇంకో వారం ఆగుదామనుకున్నాను. బస్సు నా ముందు నుంచే వెళ్ళింది.

సభ అయ్యాక అవ్వ ఇంటికి వెళ్ళాను. గదిలో మంచం ఎత్తి గోడకు ఆనించారు. అవ్వ గడప మీద కూర్చుని గొర్రెపిల్లకు ఆకు తినిపిస్తోంది. ముఖం తిప్పలేదు.

"ఇప్పుడొస్తివా. బస్సు వచ్చే యాళ్ళకు రోజూ వాకిట్ల కూసునేటోడు ముసలాయన. గుమాస్తా ఇయ్యాల వస్తడు అవ్వా, చాయ్ పెట్టు అనేటోడు. ఎన్ని చాయలు పారబోసిననో."

"పని ఉండె అవ్వా."

"ఉంటది. అందరికీ ఉంటది."

ఆమె పక్కనే గడప మీద కూర్చుని అడిగాను. "అన్నగారికి ఏం రాయాలనుకున్నాడో నీకేమన్నా చెప్పిండా?"

"గదేం పెద్ద రామాయణమా. నేను బాగున్న, నువ్వు ఎట్లున్నవ్, ఒకసారి రా. గంతే అయ్యా. గది రాసేతందుకు గంత సదువు గావాల్నా? నాకు అచ్చరం వస్తే నేనే రాసేదాన్ని."

ఆమె మాటను మనసులోనే ఫ్రెంచిలోకి మార్చి చూశాను. మొదటి నెల మొదటి పాఠంలోని మాటలు. పలక మీద సుద్దతో, నాలుగేళ్ళ కిందట, తప్పు లేకుండా రాసినవి. నా నలభై మూడు క్రియల్లో వాటికి అక్కర వచ్చేవి రెండే, ఫ్రెంచిలో క్షేమసమాచారానికి వాడే "పోవడం" ఒకటి, "రావడం" ఒకటి. అది కూడా "రా" అని.

అవ్వ లోపలికి పోయి ఒక కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. అన్నగారి పేరు, వీధి, యానాం, వంకర్లు పోయిన పెద్ద అక్షరాలతో పంతులుగారే రాసి ఉంచారు. ఆ కాస్తకే ఆయనకు ఎంతసేపు పట్టిందో. రెండో వైపు నాకోసం ఖాళీగా వదిలారు.

అన్నగారికి కబురు వెళ్ళాలి కదా. ఆ గడప మీదే కూర్చుని రాశాను. "వోత్ర్ ఫ్రేర్ ఎ మోర్." మీ తమ్ముడు చనిపోయాడు. పట్టికలో ఆ క్రియ పద్నాలుగోది. సహాయకం "ఉండు", ఏకవచనం, పుంలింగం, చివర అదనపు అక్షరం అక్కరలేదు. ఎక్కడా తప్పు లేదు. ఇంకేమైనా చేర్చాలని కలం పట్టుకుని కూర్చున్నాను. నోటికి వచ్చిన వాక్యాలన్నీ ఆ ఏడుగురు సభలో చెప్పినవే.

బస్టాండు దగ్గర పోస్టు డబ్బాలో కార్డు వేశాను. పైన ఒక్క వరుస నాలుగు మాటలు. కింద మిగిలినదంతా తెలుపు.