పంచర్లు వేసిన స్టీమ్ పైపు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను షోలాపూర్ బ్రాంచికి వేశారు. ఇన్సూరెన్స్ కంపెనీలో రిస్క్ ఇంజనీరు ఉద్యోగం నాది. ప్రమాదం జరిగాక వచ్చేవాడు సర్వేయర్. జరగకముందే వెళ్లి అందరి చేతా తిట్లు తినేది మేము. మేము సరేనంటేనే పాలసీ రెన్యూ అవుతుంది.

దసరా వెళ్లిన నెలకు జోడ్‌భావి పేట్‌లో ఒక నూలు అద్దకం షెడ్డు చూడటానికి వెళ్లాను. యజమానిని అందరూ శేఠ్ అంటారు; అక్కడి చాలామందిలాగే తాతల నాడు తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబం. అక్కడ బాయిలర్ ఆవిరిని రబ్బరు పైపుతో రంగు తొట్టిలోకి వదిలి నీళ్లు మరిగిస్తారు. ఆ పైపును రోజంతా చేత్తో పట్టుకునేది మల్లేశం. విడీ ఘర్కుల్ అనే బీడీ కార్మికుల కాలనీ నుంచి సైకిల్ మీద వచ్చే పెద్దవయసు రంగు మేస్త్రీ.

పైపు ఎంచుకునేటప్పుడు లోపల పారేదేమిటి, ఎంత వేడి, ఎంత ఒత్తిడి అన్నవి చూడాలి. అవి పైపు మీదే అచ్చువేసి ఉంటాయి. చదివాను. ఆవిరికని చేసినదే, మంచి సరుకు. మెచ్చుకోబోతుండగా దాని పొడవునా సైకిల్ ట్యూబుకు వేసినట్టు అతుకులు కనిపించాయి. ఒక్కో అతుకు మీద దసరా ఆయుధపూజ నాటి కుంకుమ బొట్టు కూడా ఉంది.

"ఏం జెప్పాలె మేడం, దుకాణమోడు మోసం జేసిండు," అన్నాడు శేఠ్. "పైపు నిండ సూది పొక్కలే. పంచరాయన్ని పిలిపిచ్చి అన్ని బంద్ చేయించిన."

ఆ పొక్కలు పొడిచింది తయారుచేసినవాళ్లే మహానుభావా! లోపలి రబ్బరులోంచి ఆవిరి కొద్దికొద్దిగా ఊరుతుంది. పై తొడుగుకున్న ఆ సన్నటి చిల్లుల్లోంచి బయటపడుతుంది. వాటిని మూసేస్తే తొడుగు కింద చేరి బొబ్బలా ఉబ్బుతుంది, మధ్యలో ఉన్న ఇనుప తీగ తుప్పు పడుతుంది, ఒకనాడు పేలుతుంది. శేఠ్ తెలివి తెల్లారినట్టే ఉందనుకుని, ఇదంతా విడమరిచి చెప్పాను.

"ఉబ్బుతున్నదని నేను మొత్తుకుంటనే ఉన్న మేడం," అన్నాడు మల్లేశం. "ఉబ్బితె బలమొచ్చినట్టే అంటడు."

శేఠ్‌కు చీమ కుట్టినట్టయినా లేదు. "పరేశాన్ గాకుండ్రి. మల్లొక్కసారి పొక్కల్లేనిదే తెస్త. హోట్గి రోడ్ల మా ఇంట్ల పచ్చది ఉన్నది, ఎంత మంచిగున్నదో!"

అది మొక్కలకు నీళ్లు పట్టే పైపు. కొరివితో తల గోక్కునేవాళ్లను చూశాను గానీ, దాంతో పక్కవాడి తల గోకేవాణ్ణి అప్పుడే చూశాను. నాకు ఒళ్లు మండింది.

"అయితే ఒక్కసారి మీరే పట్టుకోండి శేఠ్, వాల్వు తిప్పుతాను," అన్నాను. తిప్పే ఉద్దేశం నాకు లేదు. వాల్వు మీద చెయ్యి మాత్రం వేశాను.

శేఠ్ రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకెందుకు మేడం? పిల్లలు గల్లోన్ని."

మల్లేశం తొట్టి మీంచి తలెత్తాడు. "నాకు లేరా శేఠ్?"

బాయిలర్ దగ్గరే ఆవిరి ఆపించి, పైపు విప్పించి, బొబ్బ దగ్గర హాక్‌సా బ్లేడుతో కోశాను. ఎర్రటి తుప్పు నీళ్లు కారాయి. తీగ వేళ్ల మధ్య పొడిపొడి అయింది. మళ్లీ ఎవరూ వాడకుండా దాన్ని ముక్కలు చేసి మరీ బయటికి వచ్చాను. సాయంత్రానికి శేఠే వెళ్లి, పొక్కలున్నాయో లేవో తడిమి తడిమి చూసుకుని, కొత్త స్టీమ్ పైపు తెచ్చాడట.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా పైపు మీది అచ్చు తర్వాతే చదివేదాన్ని. వాల్వు తెరిచేటప్పుడు ఆ పైపు కొన్నవాడు ఎక్కడ నిలబడ్డాడో ముందు చూసేదాన్ని.