డాబా మీద డిష్, పక్కింట్లో అమ్మ

ఇల్లు కాలిపోలేదు, ఎవరి కాలూ విరగలేదు. అయినా నారాయణపేటలో మా వీధివాళ్లు నన్ను చూస్తే ఇప్పటికీ నవ్వాపుకోలేరంటే, నేను చేసిన నిర్వాకం ఎంతటిదో మీరే ఊహించుకోండి.

తొంభైల మొదట్లో మాట. హైదరాబాద్ టీవీవాళ్లు వచ్చి, మగ్గం మీద చీర నేస్తున్న మా అమ్మను కెమెరాలోకి ఎక్కించుకుని వెళ్లారు. శనివారం సాయంత్రం తెలుగు కార్యక్రమంలో వేస్తామన్నారు. ఒక్కసారే, మళ్లీ వేయరు. ఆ వారమంతా అమ్మ చేతిలో పోగులు తెగుతూనే ఉన్నాయి. చెయ్యి మగ్గం మీద, ధ్యాస టీవీ మీద.

మా డాబా మీద అప్పటికే ఒక ఏంటెన్నా ఉండేది. పొడుగాటి గొట్టం, దాని కొసన అల్యూమినియం పుల్లలు. బొమ్మ వచ్చేది గానీ దాని మీద ఎవరో ఉప్మా రవ్వ చల్లినట్టుండేది. ఆ రవ్వలో అమ్మను చూడటమా? నేనేమో జడ్చర్లలో మూడు నెలలు టీవీ రిపేరు నేర్చుకున్న పండితుణ్ణి! డిష్ పెడదామని తీర్మానించాను. ఆకాశంలోంచి ఉచితంగా, అద్దంలాంటి బొమ్మ. రిసీవర్ పెట్టె మా గురువు దగ్గర అడిగి తెచ్చాను. మరి డిష్‌కు చువ్వలు? తలెత్తితే ఏంటెన్నా కనిపించింది.

పక్కింటి టైలర్ ఖదీర్ చాచా తన డాబా మీది ఏంటెన్నా పక్కన నిలబడి గోడ మీంచి చూశాడు.

"అరే, దాన్నెందుకు పీకుతున్నవ్‌రా?"

"డిష్‌కు చువ్వలు గావాలె చాచా."

"జర శనివారం కానియ్యి. ఎట్లొచ్చినా అది మన తెలుగు జూపిస్తది. గీ డిష్ ఏం జూపిస్తదో నీకెర్కనా?"

"ఆకాశంల ఉన్నయన్నీ వస్తయి చాచా!"

ఆ 'అన్నీ'లో మన తెలుగు కార్యక్రమం లేదు. అది నేల మీది టవర్ నుంచే వచ్చేది. ఈ ముక్క మూడు నెలల చదువులో వచ్చిన రోజు నేను సినిమాకు పోయి ఉంటాను. పుల్లలన్నీ కోసి, వంచి, పైన ఇనుప జాలి బిగించాను.

శనివారం సాయంత్రానికి వీధంతా మా ఇంట్లోనే ఉంది. అమ్మ పట్టుచీర కట్టుకుని ముందు వరుసలో పెళ్లికూతురిలా కూర్చుంది. టీవీ పక్కన బాపు, అంటే మా నాన్న. నేను డాబా మీద, గాలికి ఊగుతున్న డిష్‌ను రెండు చేతులా వాటేసుకుని.

"బాపూ, వచ్చిందా?"

"వచ్చిందిరా! అద్దం లెక్కున్నది!"

"అమ్మనేనా?"

"కాదు. ఎవడో తెల్లాయన మంచుల గుర్రమెక్కి పోతాండు!"

అమ్మ గొంతు వినిపించింది. "జర ఆగున్రి. ఆయన పోయినంక నేనొస్త గావచ్చు."

ఆయన పోలేదు. డిష్‌ను కాస్త తిప్పాను.

"గిప్పుడో?"

"ఎవరో ఒకామె చేప కోస్తాంది!"

కార్యక్రమం వేళ దాటిపోతోంది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అమ్మ వారమంతా ఎదురుచూసిన ముచ్చట నా చేతుల్లోనే నాశనమవుతోంది. మళ్లీ వెంట్రుకవాసి కదిపాను.

అంతలో కింద ఒక్కసారిగా కేకలు, కుర్చీలు పడ్డ చప్పుడు. దొరికింది! చూపు డిష్ మీదే పెట్టి నేను అలాగే బిగుసుకుపోయాను. వేలు కదిపితే అమ్మ చెదిరిపోతుందని ఊపిరి కూడా పొదుపుగా పీల్చాను. ముక్కు మీద ఈగ వాలింది. వాలనిచ్చాను. మెడ పట్టేసింది, చేతులు మొద్దుబారాయి. తల్లి కోసం ఇంత కష్టపడే కొడుకు ఈ జిల్లాలో మరొకడు లేడని గర్వపడ్డాను కూడా.

పావుగంట తర్వాత జనం బయటికి వస్తూ కనిపించారు. మా ఇంట్లోంచి కాదు, చాచా ఇంట్లోంచి! ముందు అమ్మ, మొహం వెలిగిపోతూ.

"బిడ్డా, టీవీల నేనే! ఖదీరన్న ఉరికొచ్చి పిలిస్తె అందరం ఆడికి పోయినం. ఎంత మంచిగ జూపిచ్చిన్రో!" అని, అప్పుడు నా వాలకం చూసింది. "గదేందిరా, నువ్వు రాలేదా? గప్పటిసంది దాన్ని పట్కొని ఆడనే ఉన్నవా?"

కిందికి దిగి చూస్తే, ఖాళీ గదిలో అద్దంలాంటి బొమ్మలో చేపలామె ఇంకా కోస్తూనే ఉంది.

వీధిలో అందరూ అమ్మను టీవీలో చూశారు, కన్నకొడుకు తప్ప. అందుకే పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుట కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను: కొత్తది పలికేదాకా పాతదాని మేకు కూడా పీకను. మరీ ముఖ్యంగా, జనం ఎక్కడ చప్పట్లు కొట్టినా కేకలేసినా, అది నా ప్రతిభ చూసేనని ఈ జన్మలో అనుకోను.