కంభం రోడ్డులో వెలిగిన ఎర్ర లైటు

దయ్యాలు, గాలి సోకడం లాంటి మాటలు నాకు ఏనాడూ పట్టవు. పశువులకు టీకాలు వేసే ఉద్యోగం నాది. గేదె పాలు ఇయ్యకపోతే దిష్టి తగిలిందని తాయెత్తు కట్టేవాళ్లతో రోజూ వాదం పెట్టుకునే మనిషిని. అట్లాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే నాకే కొంచెం సిగ్గుగా ఉంది.

మేముండేది గిద్దలూరులో. నా డ్యూటీ బేస్తవారిపేట అవతలి పల్లెల్లో. టీకాల డబ్బా పట్టుకుని బస్సులు ఎక్కి దిగలేక, పెద్దారవీడులో ఒక రైతు దగ్గర పాత కారు కొన్నాం. పదిహేనేళ్ల బండి. ఇంజను మాత్రం బాగుంది.

కొన్న రెండో వారంలో, స్పీడు చూపించే ముల్లు పక్కన ఎర్రగా బ్రేకు లైటు వెలిగింది. హ్యాండ్‌బ్రేకు చూసుకున్నా. దించే ఉంది. కొద్దిసేపు వెలిగి దానంతట అదే ఆరిపోయింది. తర్వాత మూడు రోజులు లేదు. నాలుగో రోజు మళ్లీ.

మా వీధి చివర షెడ్డులో మస్తానన్న అని మెకానిక్ ఉన్నాడు. హ్యాండ్‌బ్రేకు లాగి ఉంటే వెలగాలి, లేదంటే బ్రేకు ఆయిలు తగ్గితే వెలగాలి, ఊరికే వెలగదు అన్నాడు. ఆయిలు నిండుగా ఉంది. హ్యాండ్‌బ్రేకు కింద స్విచ్చి మార్చినాడు. ఆయిలు తగ్గితే తెలిపే మూత కూడా కొత్తది వేసినాడు. సీట్లు ఊడదీసి, వైరు ఎక్కడన్నా ఒరుసుకుందేమోనని వెదికినాడు. ఏమీ దొరకలేదు.

నా పక్కన కూర్చుని కంభం దాకా వచ్చినాడు. వెలగలేదు. మా ఆయన వచ్చిన రోజూ వెలగలేదు. నేనొక్కదాన్నే తోలేటప్పుడే వెలిగేది. ఫోటో తీద్దామని రెండుసార్లు బండి పక్కకు ఆపినా. ఫోను చేతికి తీసుకునేలోపే ఆరిపోయింది.

మొదట అమ్మినాయన మీద అనుమానం వచ్చింది. ఫోన్ చేస్తే, "నా దగ్గర ఉన్నన్నాళ్లు ఒక్కసారి కూడా వెలగలేదమ్మా" అన్నాడు. ఆ గొంతులో అబద్ధం వెదికినా, దొరకలేదు. తర్వాత మస్తానన్నను అనుమానించినా. కావాలనే తిప్పుకుంటున్నాడేమో అని.

నేను వాళ్లను అనుమానిస్తుంటే, మా ఇంట్లో నన్నే అనుమానించడం మొదలైంది.

"శాంతా, నీకు ఈ బండి ఇష్టం లేదు. కొత్తది కావాల. అందుకే రోజుకో కథ చెప్తున్నావు," అన్నాడు మా ఆయన, ఒకరోజు అన్నం తింటా.

ఆ మాటకు కంచం పక్కకు జరిపి లేచినా. పన్నెండేళ్ల కాపురంలో నేను ఆయనకు అబద్ధం చెప్పింది లేదు.

ఆ ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి మస్తానన్న మా గేటు దగ్గర ఉన్నాడు. "దొరికిందమ్మా. జాయింటు ఒకటి వదులైంది, సరిచేసినా," అన్నాడు. నా మొహం చూడకుండా చెప్పినాడు. అది నాకు అప్పుడే తేడాగా అనిపించింది. కానీ రెండు వారాలు లైటు వెలగలేదు. నేనూ మర్చిపోయినా.

మూడో వారంలో ఒకరోజు, పొద్దున తొమ్మిది దాటింది. బాగా మబ్బు పట్టి ఉంది. కంభం రోడ్డులో పోతున్నా. లైటు వెలిగింది. ఎప్పటికంటే ముదురుగా, నిప్పుకణిక మాదిరి. ఈసారి ఆరలేదు.

ఆపి మస్తానన్నకు ఫోన్ చేద్దామని బ్రేకు తొక్కినా. పెడలు నేలకంటా దిగిపోయింది. బండి తగ్గీ తగ్గనట్టుంది. గేరు తగ్గించి, మళ్లీ తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగినా. కారు రోడ్డు దిగి కంపచెట్లలో ఆగింది. దిగి చూస్తే ముందు మలుపు అవతల రైలు గేటు పడి ఉంది. గేటు ముందర రెండు ఆటోల నిండా కూలికి పోయే ఆడవాళ్లు, ఒక గొర్రెల మంద.

ఫోన్ చేస్తే మా ఆయన, మస్తానన్న ఒకే బైకు మీద వచ్చినారు. మస్తానన్న బండి కిందికి దూరి చూసినాడు. వెనక చక్రానికి పోయే బ్రేకు పైపు తుప్పు పట్టి పగిలింది. ఆయిలంతా కారిపోయింది.

"లైటు వెలిగింది కాబట్టి సరిపోయింది. లేకపోతే నేరుగా ఆ ఆటోల్లోకి పోయుండేదాన్ని," అన్నా.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏ లైటు?" అన్నాడు మా ఆయన.

"ఏందయ్యా ఆ ప్రశ్న? బ్రేకు లైటే."

మస్తానన్న చేతులు తుడుచుకుంటా నేల చూపులు చూసినాడు. "అమ్మా, ఆ బల్బు నేను తీసేసినా. ఈ అన్నే తీసేయమన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు."

నాకు ముందు భయం రాలేదు. కోపం వచ్చింది. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టినా.

షెడ్డుకు తెచ్చినాక నా కళ్ల ముందరే డ్యాష్‌బోర్డు విప్పించినా. బల్బు ఉండాల్సిన చోట ఖాళీ తొర్ర. చుట్టుపక్కల వేరే ఎర్ర బల్బు కూడా లేదు. తీసిన బల్బు మా ఇంటి సొరుగులో కాగితంలో చుట్టి ఉంది.

ఎండ పడి అట్ల కనిపించి ఉంటుందని మస్తానన్న అన్నాడు. ఆ రోజు మబ్బు పట్టి ఉంటే ఎండెక్కడిది? నువ్వే బల్బు పెట్టి మళ్లీ తీసినావా అని మా ఆయన ఒకసారి అడిగినాడు. డ్యాష్‌బోర్డు విప్పడం నాకు రాదని ఆయనకూ తెలుసు. అసలు బల్బు తీసినట్టే నాకు తెలియదు. నాకూ ఒక అనుమానం ఉండేది. మస్తానన్న తీసినట్టు చెప్పి తీయలేదేమో, నేను గొడవ చేసినాక తీసినాడేమో అని. కానీ నేను చర్చికి పోయిన ఆ ఆదివారం నుంచీ కాగితం సొరుగులోనే ఉందని మా ఆయన చెప్పినాడు.

పైపులన్నీ మార్పించినాం. బల్బు మళ్లీ పెట్టించినాం. ఆ తర్వాత లైటు ఊరికే ఎన్నడూ వెలగలేదు. ఆ కారులోనే ఇప్పటికీ డ్యూటీకి పోతున్నా.

మొన్న తెల్లవారి పాలు కాచుకుంటా కిటికీలోంచి చూసినా. మా ఆయన కారులో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తాళం తిప్పుతాడు, స్పీడు ముల్లు దిక్కు చూస్తాడు, మళ్లీ ఆపుతాడు. చానాసేపు అట్లనే ఉన్నాడు. లోపలికి వచ్చినాక ఏంది అని అడిగితే బ్యాటరీ చూస్తున్నా అన్నాడు.

అది బ్యాటరీ కోసం కాదని నాకు తెలుసు. ఆ తొర్రలో వెలుగు ఎట్లొచ్చిందో నాకు తెలిస్తే కదా, ఆయనకు చెప్పడానికి.