మూడు డిస్కుల్లో అమ్మ గొంతు

మా అమ్మ ఇంట్లో పాడేది కాదు. నలుగు పాటలు ఆమెకు వచ్చినన్ని మా చుట్టాల్లో ఇంకెవరికీ రావు. ఉరవకొండలో మావాళ్లింట్లో పెళ్లి కుదిరిందంటే పురోహితుడి కంటే ముందు ఆమెకే కబురు వచ్చేది. పెళ్లికూతురికి నలుగు పెడుతుంటే పీట పక్కన కూర్చుని పాట ఎత్తుకునేది, మిగతా ఆడవాళ్లు వెనక అందుకునేవాళ్లు. అదే పాట ఇంట్లో ఒక్కసారి పాడమంటే మాత్రం ససేమిరా అనేది. టేప్ రికార్డర్ ముందు పెట్టుకుని నేను ఎంత బతిమాలినా ఒకటే మాట.

"పెండ్లి లేని ఇంట్లో పెండ్లిపాట పాడకూడదు పాపా. నీ పెండ్లికి పాడతా కదా, అప్పుడు పట్టుకో."

నా పెళ్లిదాకా ఆమె ఉండలేదు. ఊళ్లో అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వస్తున్న రోజులు. ఇంకో రెండేళ్లు బతికి ఉంటే ఏ ఫోన్లోనో ఆమెకు తెలియకుండా పట్టేసేదాన్నే. కర్మకాండ అంతా అయ్యాక ఇంట్లో ఆమె చీరలున్నాయి, ఫొటోలున్నాయి, గొంతు మాత్రం ఎక్కడా లేదు. మొహం మరిచిపోతానన్న భయం నాకెప్పుడూ కలగలేదు. గొంతు మాత్రం రోజురోజుకూ జారిపోతున్నట్టే ఉండేది.

అప్పుడు గుర్తొచ్చింది మా చిన్నమ్మ కూతురి పెళ్లి సీడీ. ఆ పెళ్లిలో అమ్మ పాడింది. ఆత్రంగా తెచ్చుకుని పెట్టాను. నలుగు వచ్చింది, పీట వచ్చింది, పక్కన అమ్మా వచ్చింది. ఆమె నోరు తెరిచేసరికి ఏదో సినిమా డ్యూయెట్ మొదలైంది. మా వైపు పెళ్లి వీడియోలన్నీ అంతే. అసలు శబ్దం తీసేసి మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు అతికిస్తారు. అడిగి మరీ అతికించుకుంటారు జనం. హీరోయిన్ గొంతుకు మా అమ్మ పెదాలు కదుపుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది.

వీడియో తీసింది మా వీధి చివర స్టూడియో నడిపే అన్న. పోయి అడిగాను.

"టేపుల మింద వేరే పెండ్లిళ్లు ఎక్కించేసినాం మా," అన్నాడు. "డిస్కుల్లో ఏమన్నా మిగిలింటే నీ అదృష్టం. మాఘమాసం, నాకు తల గోక్కునేకి తీరిక లేదు. ఎత్తకపోయి నువ్వే చూసుకో."

గుడ్డసంచిలో మూడు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు వేసి ఇచ్చాడు. నేను ఇంట్లో శుభలేఖలు కంపోజ్ చేసేదాన్ని కాబట్టి కంప్యూటర్ ఉంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సీడీ కూడా ఆయనే ఇస్తే ఎక్కించుకున్నాను. ఆయన పద్ధతి ఏమిటంటే, బొమ్మ ఒక డిస్కులో, శబ్దం ఒక డిస్కులో, రెంటినీ జతపరిచే ప్రాజెక్టు మూడో డిస్కులో. శబ్దం ఫైళ్లకు పేర్లు లేవు, అన్నీ అంకెలే. మామూలు ప్లేయర్‌లో అవి తెరుచుకోవు. మూడూ ఒకేసారి తగిలిస్తే తప్ప ఆ పెళ్లి పెళ్లిలా కనపడదు.

నా కంప్యూటర్‌కు పనిచేసే పోర్టులు రెండే, అవీ వెనకవైపు. ముందువైపు రెండున్నాయి కానీ అవి అలంకారానికి. కంప్యూటర్ బిగించిన మహానుభావుడు లోపల వాటి వైర్లు కలపనే లేదు. పైగా ఒక్కో డిస్కు తీగకు రెండు తలలు, ఒకటి సమాచారానికి, ఇంకొకటి కరెంటు లాగడానికి. ఒక్క డిస్కు పెడితేనే నా కంప్యూటర్ నిండిపోయింది. నేను బల్ల కింద దూరి తిట్టుకుంటుంటే నాయన గుమ్మంలోంచి చూశాడు.

"బొక్కలు రెండే ఉండాయా?"

"రెండే నాయనా."

"పోయిన మనిషి గొంతు యాడ నుంచి తెస్తావు పాపా. ఇడిసిపెట్టు," అని చేనికి వెళ్లిపోయాడు.

ఆయన మాటకు కోపం వచ్చింది. అమ్మ పోయినప్పటి నుంచి ఆమె పేరు ఎత్తితే చాలు, లేచి బయటికి పోయేవాడు. ఈయనకు ఆమె అక్కర్లేదేమో అనుకున్నాను.

అనంతపురం పోయి హబ్బు కొనుక్కొచ్చాను. ఒక పోర్టులో గుచ్చితే నాలుగు పోర్టులవుతాయన్నారు. అయ్యాయి, కానీ కరెంటు మాత్రం ఆ ఒక్క పోర్టుదే కదా. రెండో డిస్కు పెట్టగానే లోపల టిక్కుటిక్కుమని శబ్దం, తెర మీద నుంచి రెండూ మాయం. మళ్లీ బస్సెక్కాను. షాపతను ఈసారి సొంత అడాప్టర్ ఉన్న హబ్బు ఇచ్చాడు. "ముందే చెప్పింటే ఇదే ఇచ్చుందును కదమ్మా," అన్నాడు. ముందే చెప్పడానికి నాకు తెలిస్తే కదా.

ఆ మధ్యాహ్నం కరెంటు ఉండగానే కూర్చున్నాను. రెండు డిస్కుల నాలుగు తలలతో హబ్బు నిండింది. మూడోది వెనక మిగిలిన పోర్టుకు, అదృష్టం కొద్దీ అది ఒక్క తలతోనే తిరిగింది. ఆ పోర్టు వదులు. తీగ ఏమాత్రం కదిలినా డిస్కు జారిపోయేది. పుల్ల గుచ్చాను, అట్టముక్క పెట్టాను, ఆగలేదు. నాయన అప్పుడే చేనినుంచి వచ్చి కాళ్లు కడుక్కుని చాలాసేపు చూశాడు. తర్వాత బల్ల పక్కన గొంతుక్కూర్చుని, చెయ్యి వెనక్కి పోనిచ్చి తీగ పట్టుకున్నాడు.

"కదిలీకుండా పట్టుకో నాయనా."

"పట్టుకున్నా. నీ పని చూడు."

మూడు డిస్కుల పేర్లూ వచ్చాయి. ప్రాజెక్టు తెరిచాను. సినిమా పాటల వరస మూసేసి, కింద నోరు నొక్కిపెట్టిన అసలు శబ్దం వరస తెరిచాను.

ముందు జనం గోల. ఎవరో పిల్లాడి ఏడుపు, గిన్నెల చప్పుడు. ఆ గోలలోంచి అమ్మ పాట ఎత్తుకుంది. నేను గుర్తు పెట్టుకున్న గొంతు కంటే కొంచెం బొంగురుగా ఉంది. ఎక్కడో నా మనసులో దాన్ని నున్నగా చేసేసుకున్నానన్నమాట. ఇదే అసలుది. నాలుగు చరణాలు పాడింది. ఆడవాళ్లు వెనక అందుకోవడంలో తప్పితే వాళ్ల కోసం ఆగి మళ్లీ ఎత్తుకుంది. నాయన తీగ పట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. ఈ మనిషికా ఆమె అక్కర్లేదనుకున్నాను.

పాట అయిపోయింది. అమ్మ దగ్గింది. మామూలుగా, మా వంటింట్లోంచి పిలిచినట్టే, "గొంతు ఆరిపోతాంది. ఎవురన్నా రవ్వన్ని నీళ్లు ఇయ్యండమ్మా," అంది.

ఎవరూ పలకలేదు. ఆడవాళ్లు ఏదో మాటకు నవ్వుకుంటున్నారు. "ఏమ్మా, నీళ్లు," అని అమ్మ మళ్లీ అడిగింది.

నాయన లేచాడు. చేతిలో తీగ వదిలేసి వంటింట్లోకి పోయాడు. డిస్కు మాయమైంది, అమ్మ గొంతు మాట మధ్యలో తెగిపోయింది. కుండ మీద మూత తీసిన చప్పుడు వినపడింది.

నిండు గ్లాసుతో తిరిగి వచ్చి కంప్యూటర్ ముందు నిలబడ్డాడు. తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. చెయ్యి దించలేదు.

నేను ఆ గ్లాసు అందుకుని నీళ్లన్నీ తాగాను.