పాటిమన్ను కింది బావి

ఒక రైతుకు తప్పు జవాబు చెప్పాను. తప్పని తెలిశాక కూడా చాలాకాలం దిద్దలేదు. ఇన్నేళ్లూ మోస్తున్నది ఆ రెండోదాన్నే. నా భార్యకు కూడా చెప్పనిది మీకు చెబుతున్నాను.

హైదరాబాదు స్టేట్ ఇంకా ఉన్న రోజులు. చెన్నూరు దగ్గర ఒక వాగు ఒడ్డున, ఏనాటిదో ఊరు కూలి మిగిలిన దిబ్బను పురావస్తు శాఖ తరఫున తవ్వించే పని నాది. అలాంటి దిబ్బను అక్కడ పాటిగడ్డ అంటారు. ఎండాకాలంలో రైతులు దాని బూడిదరంగు మన్నును ఎరువుగా పొలాలకు తోలుకుంటారు. పైమన్నును ఎలాగూ బండ్లు తొక్కేశాయి కదా అనుకున్నాను. లోతుకు త్వరగా చేరాలన్న ఆత్రం. పరిశీలించకుండానే రైతులను తీసుకుపొమ్మన్నాను.

దాని కింద మందంగా ఉత్త ఇసుక. ఒక్క కుండపెంకు లేదు. ఇసుక కింద ఇళ్ల గోడలు. వానలు తప్పి, వాగు ఎండి, గాలికి కొట్టుకొచ్చిన ఇసుక ఊరిని కప్పేసింది. అది కనిపెట్టానని పొంగిపోయాను.

అప్పటికి మాకూ సరైన వానలు లేవు. మన్ను తోలుతున్న మల్లయ్య బండి ఆపాడు.

"సారూ, గీ ఊరోళ్లు ఏమైండ్రు? దండొచ్చిందా, రోగమొచ్చిందా?"

"వానల్లేక పోయిండ్రు."

"మల్ల రాలేదా?"

"ఎవ్వలూ రాలే."

బండి మీదున్న అతని భార్య లచ్చవ్వ నవ్వింది. "ఇన్నవా? గంతటోళ్లే నిలువలే. నీ బక్కెడ్ల మొకం జూసి వాన కురుస్తదా?"

మల్లయ్య నవ్వలేదు.

కొన్నాళ్లకు గుంత అంచు విరిగిపడింది. లోపల కాల్చిన మట్టి ఒరలు, ఒకదానిమీద ఒకటి, ఇసుకను చీల్చుకుని కిందికి దిగి ఉన్నాయి. ఇసుక పడ్డాక తవ్విన బావి అది. అంటే మనుషులు తిరిగొచ్చారు. వాగును నమ్ముకోకుండా నేలలో నీళ్లు వెతుక్కున్నారు. నేను బండ్లకెత్తించిన పైమన్నే వాళ్ల ఊరు!

చెబితే, పైమన్ను ఏదని పైవాళ్లు అడుగుతారు. నా చేతులతోనే ఆ ఒరలను పూడ్చేశాను.

ఆ ఏడే మల్లయ్య పొలం బీడు పెట్టి బెల్లంపల్లి బొగ్గుబాయికి పోయాడు. నిజం చెప్పినా పోయేవాడేనా? కావచ్చు. కానీ తిరిగి రావచ్చని తెలిసి పోయేవాడు. ఆ ఒక్క మాటను అతనికి దక్కకుండా చేసింది కరువు కాదు, నేను.

రాష్ట్రం పేరు మారింది. నాకు బదిలీలు అయ్యాయి. చివరికి జరిగిందంతా పైవాళ్లకు రాసి పంపాను. జవాబు రాలేదు. బెల్లంపల్లి పోయి మల్లయ్య ఇల్లు వెతికి పట్టుకున్నాను. అంతా విన్నాడు. లచ్చవ్వే అడిగింది: "మల్లొచ్చినోళ్లు ఏం పండించిండ్రు సారూ?"

తెలియదన్నాను. దానికి జవాబు నేను తోలించిన మన్నులో ఉండేది. అది ఇక ఎవరికీ తెలియదు.

మరుసటి ఎండాకాలం వాళ్లు ఊరికి తిరిగొచ్చి తమ పొలంలో బావి మొదలుపెట్టారని కబురు వింటే, సెలవు పెట్టి పోయాను. మల్లయ్య గుంతలో ఉన్నాడు. నన్ను చూశాడు. కుశలం అడగలేదు, క్షమించానని అనలేదు.

"చెప్పులిడువు, తట్ట అందుకో" అన్నాడు.

అందుకున్నాను. తట్టలోని మన్ను అడుగున చెమ్మగా ఉంది.