నీలం దారం

"మామ పోయిండే" అని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాద్‌లో మా కాలేజీ మెట్ల మీద ఉన్నాను. ఏ మామ అని అడగలేదు. మా వీధిలో మామలకు కొదవ లేదు గానీ, ముందు ఏమీ తగిలించకుండా అమ్మ ‘మామ’ అందంటే జంపఖానాల దుకాణం మామే. పొద్దున దుకాణం తెరిచి, గోడకు ఆనుకుని కూర్చుని, చాయ్ అడిగాడట. అత్త చాయ్ తెచ్చేసరికి లేడు. మర్నాడు నాకు పరీక్ష. ఆఖరి చూపుకు వెళ్లలేదు. పరీక్ష రాశాను, పాసయ్యాను. ఆ పాసు మీద నాకు ఇంకా కోపం పోలేదు.

వరంగల్‌లో మీరు ఎప్పుడైనా జంపఖానా కొని ఉంటే తెలిసే ఉంటుంది. దుకాణంవాళ్లు మడత విప్పి, అంచు చూపించి, ధర చెబుతారు. మామ పద్ధతి వేరు. నేల మీద పరిచి కూర్చోమనేవాడు. ఎవరైనా వంగి చేత్తో తడిమితే ఒప్పుకునేవాడు కాదు. "చెయ్యికేం తెలుస్తది? జర సేపు కూసొని చూడు." ఒకసారి పాలంపేట నుంచి పెళ్లి కోసం కొనడానికి వచ్చిన పెద్దమనిషి కూర్చున్నాడు, ఒరిగాడు, గురక పెట్టాడు. మామ ఫ్యాను ఆయన వైపు తిప్పి, తర్వాత వచ్చినవాళ్లను పెదవి మీద వేలు పెట్టి లోపలికి పిలిచాడు. ఆ మధ్యాహ్నం దుకాణంలో బేరాలన్నీ గుసగుసలతోనే సాగాయి.

కాలేజీకి రాకముందు నేను హనుమకొండలో ఒక దవాఖాన ల్యాబులో ఎనిమిదేళ్లు రక్తం తీశాను. మామకు షుగరు. నెలనెలా వచ్చేవాడు, నాకు తప్ప ఎవరికీ చెయ్యి ఇచ్చేవాడు కాదు. సూది చూస్తే భయం. తల పక్కకు తిప్పి, కొత్తవాడ మగ్గాల మీద ఆ వారం ఏ రంగులు నడుస్తున్నాయో చెప్పేవాడు. ఆకుపచ్చ అంచు దగ్గరికి వచ్చేసరికి నేను దూది పెట్టేసేదాన్ని. "అయిపాయెనా? ఇంకా పసుపు చెప్పనే లేదు" అనేవాడు.

మా ల్యాబు ముందు పొద్దుటి పూట రోజూ గొడవే. వర్ధన్నపేట నుంచి మొదటి బస్సుకు, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చిన ముసలివాళ్లు వెనక పడేవారు. పక్క వీధి నుంచి వాకింగ్ చేసుకుంటూ వచ్చినవాళ్లు ముందు కూర్చునేవారు. ఒకరోజు ఒక అవ్వ కళ్లు తిరిగి పడిపోయింది. మర్నాడు నేను రెండు రంగుల చిట్టీలు పెట్టాను. అవి చెమటకు నానిపోయేవి. అది చూసి మామ మగ్గాల దగ్గర తెగి మిగిలిన నూలు ముక్కలు సంచీలో తెచ్చిచ్చాడు. దూరం నుంచి వచ్చినవాళ్ల మణికట్టుకు ఎర్ర దారం, వాళ్లు ముందు. దగ్గరివాళ్లకు నీలం. గొడవ ఆగిపోయింది. నూలు ఇచ్చిన మనిషి తను మాత్రం నీలం కట్టించుకుని, చివరిదాకా కూర్చునేవాడు. అందరి దారాలూ కత్తిరించి బుట్టలో వేసేదాన్ని. ఆయన దానికి కత్తెర పెట్టనిచ్చేవాడు కాదు. "ఇప్పు బిడ్డా, కొయ్యకు" అని, విప్పిన దారాన్ని చొక్కా జేబులో వేసుకునేవాడు. నేత ఇంట్లో పుట్టినవాడికి నూలు పారేయడం చేతకాదులే అనుకున్నాను.

ముప్ఫై దాటాక నాకు ఆ సూదుల మీద విసుగు పుట్టింది. దవాఖానను నడిపే వైపు వెళ్లాలనిపించింది. రెండు దారులు కనిపించాయి. ఒకటి, ఎంబీఏ కాదు, అప్పుడే డిగ్రీ అయిన పిల్లల కోసం పెట్టిన బిజినెస్ మాస్టర్స్. ఏడాదిలో అయిపోతుంది, డిగ్రీ ఉంటే చాలు, అనుభవం అడగరు. సీటు కూడా వచ్చేసింది. ఇంకొకటి ఎంబీఏ. రెండేళ్లు. ఇన్నాళ్లూ ఏం చేశావో రాయమంటారు, ఇంటర్వ్యూలో తవ్వి తవ్వి అడుగుతారు. సీటు వస్తుందో రాదో తెలియదు. మాస్టర్స్‌లో చేరతానో లేదో చెప్పడానికి ఇంకొక్క రోజే గడువుంది. నా మనసు అటే లాగుతోంది. ఏడాది మిగులుతుందని అందరికీ చెప్పాను. నిజం అది కాదు. సూదులు గుచ్చిన ఎనిమిదేళ్లను ఎవరి ముందూ పరచాల్సిన పని ఉండదని.

ఆ మధ్యాహ్నం రెండు ఫారాలూ పట్టుకుని దుకాణానికి వెళ్లాను.

"ఎంబీఏ అంటె దుకాణం నడుపుడు నేర్పుతరా? గట్లయితె రెండేండ్లు ఎందుకే, ఓ నెల నా దగ్గర కూసో" అన్నాడు మామ.

"నవ్వకు మామా. రేపే ఆఖరు."

"నవ్వుత లేను. కూసో."

గిరాకీల కోసం ఎప్పుడూ పరిచి ఉంచే పాత జంపఖానా మీద కూర్చున్నాను. ఎర్ర చారలు వెలిసి గులాబీ రంగు తేలినది. వెనక వీధిలో మగ్గం ఆడుతోంది. ఎప్పుడు ఒరిగానో తెలియదు. కలలో ఒక క్లాసు. అందరూ ఇరవై ఏళ్ల పిల్లలు. నా చేతిలో సూది ఉంది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తున్నాను, ఎవరూ చెయ్యి చాపడం లేదు. ఎవరి మణికట్టుకూ దారం లేదు, ఎవరు ముందో నాకు తెలియడం లేదు. బోర్డు దగ్గర నిలబడ్డాను, నా పేరు అడిగారు, చెప్పలేకపోయాను.

కళ్లు తెరిచేసరికి ఫ్యాను నా వైపు తిప్పి ఉంది. మామ కళ్లజోడు పెట్టుకుని నా ఫారాలు తిరగేస్తున్నాడు.

"గీ ఏడాది దాంట్ల ఎర్ర దారం సంగతి రాసే జాగ ఏడున్నది బిడ్డా?"

"లేదు మామా. వాళ్లు అడగరు."

"మరి గీ రెండోదాంట్ల?"

"ఉంది. రెండు పేజీలు."

ఆయన రెండు ఫారాలూ నా చేతికిచ్చి చాయ్ తెప్పించాడు. నాకు ఏడుపొచ్చింది. చేతిలో ఉన్న సీటు వదులుకోవడానికి భయం వేసింది కూడా. "అది రాకపోతె ఎట్ల మామా?" అంటే, "ఫికర్ జెయ్యకు. రాకపోతె మల్ల రాస్తవ్. రాసెటందుకు నీ దగ్గర ఉన్నది గద" అన్నాడు.

మర్నాడు సీటు వదులుకున్నాను. రెండు పేజీలూ ఎర్ర దారం గురించే రాశాను. ఇంటర్వ్యూలో ముగ్గురూ దాని గురించే అడిగారు. నీలం దారం వాళ్లు ఎందుకు ఊరుకున్నారని ఒకాయన అడిగితే, అందరికంటే ముందు ఊరుకున్న మనిషి ఒకరున్నారని చెప్పాను.

హైదరాబాద్ వచ్చాక మామతో ఫోన్‌లో ఒక్కసారే మాట్లాడాను. "ల్యాబుల కొత్త పోరి మంచిగనే గుచ్చుతాంది. నీ అంత గాదు. దారం మాత్రం మర్శిపోకుండ కడ్తాంది" అన్నాడు. ఆ రోజంతా నేను హాయిగా ఉన్నాను.

పదకొండో రోజుకు వెళ్లాను. భోజనాలయ్యాక అత్త దుకాణం తలుపు తీసింది. ఆ పాత జంపఖానా అలాగే పరిచి ఉంది. నేను ఎప్పుడూ కూర్చునే వైపు కాకుండా, మామ గోడకు ఆనుకునే వైపు కూర్చున్నాను. అప్పుడు చూశాను. ఆ చివర తెల్ల కుచ్చుల మధ్య నీలం ముడులు, ఒకదాని పక్కన ఒకటి, అంచు పొడవునా.

"నీ దగ్గరికి పొయ్యొచ్చినప్పుడల్ల ఒకటి ముడేస్తుండె" అంది అత్త. "ఎందుకయ్యా గీ పని అంటె, ఆ పిల్ల పారేస్తాంది, నేను దాస్తాన్న అంటుండె."

అత్త లోపలికి వెళ్లి ఆయన ఆఖరి చొక్కా తెచ్చింది. జేబులో ఒక నీలం దారం ఉంది, కొత్త పిల్ల కట్టినది. అంచు చివర ఒక్క కుచ్చు ఖాళీగా ఉంది. ఆ దారాన్ని దానికి కట్టబోయాను, ముడి రెండుసార్లు జారింది. మూడోసారి పడింది.

"కూసో జర సేపు" అంటూ అత్త ఫ్యాను నా వైపు తిప్పింది. ఆ గాలికి నీలం కొసలన్నీ ఒకేసారి లేచాయి.